మార్చిలో దిగిన కొబ్బరి మొక్కలు

విజయనగరం నుంచి ఒకరు అడిగారు: “మా చిన్న సంస్థకి గ్రాంటు ఇచ్చే ఫౌండేషను, తమ పనితీరు మీద అభిప్రాయం చెప్పమని ఫారం పంపింది. ఉన్నదున్నట్టు రాయొచ్చా? రాస్తే వాళ్లేమైనా మారతారా?”

రాయండి. మారతారు. కాకపోతే అడుగుతున్నది ఎవరు, ఎప్పుడు అడుగుతున్నారు అన్నది ముందు చూసుకోండి. సోంపేట వైపు ఒక చిన్న సంస్థలో పదకొండేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా తీరప్రాంతమైన ఉద్దానంలో తాతల నాటి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మాకు నిధులిచ్చే ఫౌండేషను కొబ్బరి మొక్కలకి డబ్బు మంజూరు చేసింది. మంచి మనసుతోనే ఇచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి. దాంతో లారీలు మార్చి మూడో వారంలో దిగాయి. మాది ఇసుక నేల. ఆ ఎండల్లో రోజూ బిందెలతో నీళ్లు మోసి పోసినవాళ్లవి కొన్ని నిలిచాయి, మిగతావి మాడిపోయాయి. మా రిపోర్టులో మాత్రం “పంపిణీ పూర్తయింది” అని రాశాం. ఆ ఫారంలో ఎన్ని ఇచ్చారన్న గడి ఉంది, ఎన్ని బతికాయన్న గడి లేదు.

మే నెలలో ఫౌండేషను నుంచి ఇద్దరు వచ్చారు. వచ్చే ఏడాది గ్రాంటు తేల్చేదీ వాళ్లే, అభిప్రాయాలు రాసుకునేదీ వాళ్లే. ముందురోజే మా సెక్రటరీ గారు “మన జీతాలు వాళ్ల చేతిలో ఉన్నాయి, చూసి మాట్లాడండి” అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. రామాలయం అరుగు మీద మీటింగు. అందరూ “బాగుందండీ” అన్నారు. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దావిడ లేచింది. చేతిలో కాయతో సహా పెరికి తెచ్చిన మొక్క, ఆకులు చీపురు పుల్లల్లా ఉన్నాయి. “మొక్కలిచ్చినారు, దండాలు బాబూ. ఈ ఎండలకి ఏటి బతుకుతాది? ఒక్క మాట అడిగుంటే వానలు పడ్డాక తెండని సెప్పుదుం కదా” అంది.

దాన్ని ఇంగ్లీషులో చెప్పాల్సింది నేను. “కృతజ్ఞతలు చెబుతోంది, నీటి సమస్య ఉందంటోంది” అని చెప్పి కూర్చున్నాను. అది ఇప్పటికీ నన్ను తొలిచేస్తూనే ఉంటుంది.

ఆ డిసెంబరులో ఇంకో సంస్థ నుంచి ఫోను వచ్చింది. ఫౌండేషనే వాళ్లని పెట్టుకుందట. ఎవరేమన్నారో చెప్పరు, గ్రాంటు అందుకున్న అందరి జవాబులూ కలిపి ఇస్తారు. ఫోను చేసిన అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. ఈసారి పెద్దావిడ మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. తర్వాత మాకు ఒక పేజీ ఉత్తరం వచ్చింది: మీ అందరి నుంచి విన్నది ఇది, మార్చేది ఇది, మార్చలేనిది ఇది. మార్చిలో నర్సరీకి డబ్బు కట్టేసి, మొక్కలు వానలు పడ్డాక తీసుకునేలా ఒప్పందం చేసుకున్నారు. 2020 జూలైలో, కరోనా మధ్యలోనే, లారీ వచ్చింది.

అమెరికాలో 2001లో మొదలైన సెంటర్ ఫర్ ఎఫెక్టివ్ ఫిలాంత్రపీ అనే సంస్థ చేసేది ఈ పనే. ఫౌండేషన్ల తరఫున గ్రాంటు అందుకున్నవాళ్లని పేర్లు బయటపెట్టకుండా అడిగి, వచ్చిన జవాబుల్ని మిగతా ఫౌండేషన్ల వాటితో పోల్చి చూపిస్తుంది. హ్యూలెట్ ఫౌండేషన్ లాంటివి ఆ ఫలితాల్ని జనం ముందు పెడతాయి కూడా. మన దగ్గర ఫీడ్‌బ్యాక్ అంటే బ్యానరు ముందు ఫొటో, డబ్బు ఖర్చయిందని రాసిచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్. అదీ ఇంగ్లీషులో! పల్లెలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి ఎక్సెల్ గడుల ముందు బిక్కచచ్చి కూర్చోవాలి. పైగా విదేశీ నిధుల్లో ఆఫీసు ఖర్చుల పరిమితిని విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో 50 నుంచి 20 శాతానికి దించేశారు. మరి ఊరూరా తిరిగి జనం మాట రాసుకొచ్చే మనిషికి జీతం ఎక్కడి నుంచి ఇవ్వాలి?

మీ ఫారం సంగతికొస్తే, అది చివరికి ఎవరి చేతికి వెళ్తుందో ముందు ఫోను చేసి అడగండి. మీ గ్రాంటు చూసే ఆఫీసరుకే వెళ్తుంటే, డబ్బు విడుదలయ్యాక రాస్తామని గడువు అడగండి, ఇస్తారు. రాసేటప్పుడు “ఇంకా బాగా చేయొచ్చు” లాంటి మాటలు వద్దు. ఏ నెలలో ఏమొచ్చింది, అందులో ఎంత అక్కరకొచ్చింది, మీ ఊరికి అది ఏ నెలలో కావాలి, ఇవి రాయండి.