క్లోజప్‌కూ, రాత్రివేళ వాహనాల కాంతి రేఖలకూ కెమెరాలో ఏ సెట్టింగులు పెట్టాలి?

నాలుగు అంకెలు చెప్పి ఊరుకోవచ్చు కానీ, అలాంటి అంకెల పట్టికను నమ్మి ఒక సాయంత్రమంతా వృథా చేసుకున్నవాణ్ని కాబట్టి, ముందుగా ఆ సంగతే చెబుతాను.

రోడ్డుకు అడ్డంగా కట్టిన పాదచారుల వంతెన మీద ట్రైపాడ్ నిలబెట్టి, పట్టికలో ఉన్నట్టే అపర్చర్ (లెన్సులో కాంతి దూరే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్/4, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే తీవ్రత) 400, షట్టర్ తెరిచి ఉండే సమయం 20 సెకన్లు పెట్టాను. హెడ్‌లైట్ల రేఖలు ఏ వివరమూ లేకుండా తెల్లని పట్టీల్లా వచ్చాయి. కాంతి ఎక్కువైందనుకుని సమయాన్ని 10 సెకన్లకు, ఆ తర్వాత 5 సెకన్లకు తగ్గించాను. రేఖలు పొట్టివయ్యాయి, భవనాలు చీకట్లో కలిసిపోయాయి, ఆ తెలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

కారణం అర్థమయ్యాక నా మీద నాకే నవ్వొచ్చింది. కదిలే దీపం సెన్సర్ (కెమెరాలో చిత్రాన్ని గ్రహించే పలక) మీద ఒక్కో బిందువు దగ్గర ఉండేది క్షణకాలమే కాబట్టి, ఆ తర్వాత షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఆ బిందువుకు అదనంగా చేరే కాంతి దాదాపు ఉండదు. ఒకే దారిలో పది వాహనాలు వరుసగా పోతే రేఖలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయన్నది నిజమే అయినా, రేఖ ఎంత ప్రకాశవంతంగా ఉండాలో ప్రధానంగా నిర్ణయించేవి అపర్చర్, ఐఎస్ఓలే. సమయం నిర్ణయించేది రేఖ పొడవును, కదలని పరిసరాల వెలుగును. వెంటనే ఎఫ్/11, ఐఎస్ఓ 100కు మార్చాను. రేఖలు ఎర్రగా, పసుపుగా చక్కగా వచ్చాయి కానీ, కాంతి 32వ వంతుకు పడిపోవడంతో చుట్టూ ఏమీ మిగలలేదు. అప్పటికి ఆకాశం పూర్తిగా నల్లబడిపోయింది మరి. మర్నాడు సూర్యాస్తమయమైన ఇరవై నిమిషాలకు, ఆకాశంలో ఇంకా నీలం ఉండగానే, అవే అంకెలతో 20 సెకన్లు తీస్తే కావలసిన చిత్రం దొరికింది.

పట్టికలు చెప్పని ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. బరువైన వాహనం కింద నుంచి పోయినప్పుడల్లా వంతెన వణికి, రేఖలు అలల్లా వంకర తిరిగేవి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను (ఎక్కువసేపు తీసిన చిత్రంలో వచ్చే మచ్చలను తగ్గించే సదుపాయాన్ని) ఆపడం మరిచిపోయినందువల్ల, ప్రతి 20 సెకన్ల చిత్రం తర్వాత కెమెరా మరో 20 సెకన్లు తన పనిలో తానుండగా, నేను ఎదురుచూసిన పొడవైన బస్సు వచ్చి వెళ్లిపోయింది.

క్లోజప్‌లో ఇదే అపర్చర్ మరో రకంగా మోసం చేస్తుంది. వస్తువు సెన్సర్ మీద అసలు పరిమాణంలోనే పడేంత దగ్గరగా వెళ్లినప్పుడు, ఎఫ్/8 అని పెట్టినది కాంతి విషయంలో సుమారు ఎఫ్/16లా పనిచేస్తుంది, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది) పోయినట్టే. అంతా స్పష్టంగా రావాలన్న ఆశతో ఎఫ్/22 పెట్టేవారికి దక్కేది డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రం గుండా పోయే కాంతి చెదిరిపోవడం) వల్ల మెత్తబడిన చిత్రమే. నేను ఎఫ్/8 దాటడం అరుదు. 1/200 సెకను షట్టర్ స్పీడ్ ఉంచి, వెలుగు చాలకపోతే మొహమాటపడకుండా ఐఎస్ఓ పెంచుతాను. ఇక కెమెరా డయల్ మీద క్లోజప్ గుర్తుగా పువ్వు బొమ్మ ఎందుకు పెడతారో నాకు నేటికీ అర్థం కాదు. లెన్సులు మార్చుకునే కెమెరాలో ఆ బొమ్మను ఎంచుకున్నంత మాత్రాన లెన్సు మరింత దగ్గర నుంచి ఫోకస్ చేయదు.

వస్తువు అసలు పరిమాణంలో పడే ఆ దూరంలో ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్నదానికి) ఎఫ్/8 దగ్గర స్పష్టంగా కనిపించే మందం సుమారు ఒక్క మిల్లీమీటరే. అందుకే ఆటోఫోకస్ ఆపేసి, ఫోకస్ రింగును కదపకుండా, ఊపిరి బిగబట్టి నా ఒంటినే కొద్దిగా ముందుకు వెనక్కు ఊపుతూ వరుసగా ఆరేడు చిత్రాలు తీస్తాను. వాటిలో ఒకదానిలోనైనా పురుగు కన్ను పదునుగా వస్తుంది.