బోర్డుల షాపు తెరుస్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి నల్లగొండ నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన యూవీ ఫ్లాట్‌బెడ్ ప్రింటర్ కొటేషన్ చూశాను. మంచి మిషనే, కాదనను. అక్రిలిక్, గాజు, చెక్క, ఏసీపీ (అల్యూమినియం రేకుల ప్యానెల్), దేని మీద వేసినా సిరా అతినీలలోహిత దీపం కింద అప్పటికప్పుడే గట్టిపడుతుంది. కానీ మహబూబ్‌నగర్‌లో కొత్తగా షాపు పెట్టేవాడు మొదట కొనవలసింది అది కాదు. దానికి రోజూ పని ఉండాలి. తెల్ల సిరాలో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైన పొడి. కదలిక లేకపోతే అడుగుకు దిగుతుంది. ఆర్డర్లు లేక కొన్నాళ్లు మూసిపెడితే సిరా చిమ్మే హెడ్డులోని సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్లు, పూడుకుపోతాయి. మిషన్‌లో బాగా ఖరీదైన భాగాల్లో హెడ్డు ఒకటి. పని ఉన్నా లేకున్నా బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. అక్క తన నగలు తాకట్టు పెడతానంటోందని తెలిసింది. వద్దని గట్టిగా చెప్పు.

మొదటి ఏడాది యూవీ ప్రింట్లు హైదరాబాద్‌లో జాబ్ వర్కుకు ఇవ్వు. నీకు వంద కిలోమీటర్ల దూరమే. చేతిలో ఉన్న డబ్బుతో స్టిక్కర్లు కోసే మంచి కటింగ్ ప్లాటర్, డ్రిల్లు, కొలతల సామాను కొనుక్కో. మిషన్లు అద్దెకు దొరుకుతాయి, బయట పని చేయించుకోవచ్చు. మెటీరియల్ గురించిన తెలివి మాత్రం నీకే ఉండాలి. మన ఎండకు ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తెలిసినవాడి దగ్గరికే కస్టమర్ రెండోసారి వస్తాడు.

వినైల్ సంగతే చూడు. తక్కువ రకం స్టిక్కర్ రోలు వేసిన రోజు అద్దంలా మెరుస్తుంది. మే నెల ఎండలు ఒక్కసారి తగలగానే కుంచించుకుపోయి, అంచుల్లో సన్నని జిగురు గీత బయటపడుతుంది. దానికి దుమ్ము పట్టి నల్లబడుతుంది. బయట పెట్టే బోర్డుకు కాస్ట్ వినైల్ (పోత పోసి చేసే రకం) వాడు. ధర ఎక్కువైనా అది కుంచించుకోవడం చాలా తక్కువ. ఈకో సాల్వెంట్ ప్రింటు (ద్రావకం కలిసిన సిరాతో వేసేది) తీసిన వెంటనే లామినేషన్ చేయవద్దు, అంటే పైన పారదర్శక పొర అంటించవద్దు, ఒక రోజంతా ఆరనివ్వు. సాల్వెంటు లోపలే చిక్కుకుంటే జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి. ఎరుపు, పసుపు రంగులు ఎండకు ముందుగా వెలిసిపోతాయి. జడ్చర్ల దారిలో పాత హోర్డింగులు నీలంగా మారిపోయి ఉండటం నువ్వు చూసే ఉంటావు. మిఠాయి షాపు వాళ్లు ఎరుపు అడిగితే ఎండను అడ్డుకునే యూవీ లామినేషన్ లేకుండా బోర్డు ఇవ్వకు. రేకు కాలుతున్న మధ్యాహ్నం వేళ స్టిక్కర్ అతికించే పని పెట్టుకోకు. పొద్దున్నే ముగించు.

అక్రిలిక్ ఎండకు ఎంత సాగుతుందో చాలామంది లెక్క వేయరు. 8 అడుగుల షీటు 40 డిగ్రీల తేడాకు దాదాపు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే పొడవున్న ఇనుప ఫ్రేము పెరిగేది ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. రెండింటినీ బిర్రుగా స్క్రూలతో బిగిస్తే, వేసవి వెళ్లేలోపు స్క్రూ రంధ్రం దగ్గర వెంట్రుకలాంటి పగులు కనిపిస్తుంది. వాన పడ్డాక ఆ పగులు పొడవవుతుంది. అందుకే రంధ్రం స్క్రూ కంటే వెడల్పుగా వేయి, వాషర్ పెట్టు, ఫ్రేము అంచుల్లో ఖాళీ వదులు. తుడవడానికి థిన్నర్ వాడనివ్వకు, సన్నని పగుళ్లు వల అల్లినట్టు లేస్తాయి.

లేజర్ మిషన్ దగ్గర పని చేస్తే ఒక్క విషయంలో మొహమాటం పెట్టుకోకు. సన్‌బోర్డు (తేలికైన నురుగు షీటు), వినైల్, ఫ్లెక్స్ అన్నీ పీవీసీ ప్లాస్టిక్కే. పీవీసీని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు హాని. తేమ తగిలితే ఆమ్లమై మిషన్ పట్టాలను, లెన్సును తినేస్తుంది. సన్‌బోర్డును సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్) మీదే కోయాలి. కస్టమర్ ఎంత తొందరపెట్టినా సరే.

లైట్ల విషయంలో 12 వోల్టుల ఎల్‌ఈడీ మాడ్యూళ్లు (చిన్న దీపపు బిళ్లలు) తీసుకో. ఐపీ67 (దుమ్ము, నీరు చొరబడవని తెలిపే గుర్తు) అని ఉన్నవి వానను తట్టుకుంటాయి. ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే ఎస్‌ఎమ్‌పీఎస్ మీద దాని శక్తిలో 80 శాతానికి మించి భారం వేయకు. 1.2 వాట్ల మాడ్యూళ్లు 60 పెడితే 72 వాట్లు, కాబట్టి 100 వాట్లది కావాలి. దాన్ని గాలి ఆడని పెట్టెలో ఇరికించకు. ఒకే గొలుసుగా పొడవుగా కలుపుకుంటూ పోతే చివరి మాడ్యూళ్లు మసకబారతాయి, రెండు వైపుల నుంచీ కరెంటు ఇవ్వు.

ఇక తెలుగు అక్షరాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. మన దగ్గరికి వచ్చే డిజైన్లు చాలావరకు ఇంగ్లిషు అక్షరాల కొలతలతోనే వస్తాయి. చదివేవాడి పది అడుగుల దూరానికి అక్షరం అంగుళం ఎత్తు అన్న లెక్క మన వృత్తిలో వాడుక. తెలుగులో గుడులు, వత్తులు వదిలేసి అసలు అక్షరం ఒంటినే కొలిచి ఆ లెక్క వేయి. ‘శ్రీ లక్ష్మీ’ అని రాస్తే బోర్డు ఎత్తులో సగం పైన గుడికి, కింద వత్తులకే పోతుంది. ప, స, ష, హ, ఘ లలో తలకట్టు ఒంటికి తగలదు. అక్రిలిక్‌లో కోస్తే అది విడి ముక్కగా వస్తుంది. గోడ మీద అంచనాతో పెడితే అక్షరం వికారంగా కనిపిస్తుంది. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, గోడకు అంటించి, దాని మీదే రంధ్రాలు గుర్తించు. షీటులోంచి అక్షరాన్ని తొలిచి తీసే బోర్డయితే సున్నలోని మధ్య బిళ్ల కూడా ఊడి వస్తుంది. దాన్ని దాచిపెట్టి వెనుక పాల రంగు షీటు మీద అతికించాలి. సన్నని గీతల ఫాంటులో మాడ్యూలు పట్టదు. రామభద్ర వంటి లావు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. కస్టమర్ ఫోనులో పంపిన యూనికోడ్ తెలుగును డిజైన్ సాఫ్ట్‌వేర్ అయిన కోరెల్‌డ్రా పాత రకంలో అతికిస్తే వత్తులు విడిపోతాయి. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా, మార్చిన తర్వాత ప్రింటు తీసి, కస్టమర్ ఇంటి పెద్దతో చదివించి, సంతకం తీసుకున్నాకే కటింగ్‌కు పంపు.

ఫ్లెక్స్ బ్యానర్లు ఎన్నికలకు, పండుగలకు అడుగుతూనే ఉంటారు. 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. రోలు కొనేటప్పుడు మందం బిల్లు మీద రాయించుకో. గుడ్డ బ్యానర్లు అలవాటు చేయి.

షాపు ముఖమంతా ఏసీపీ కప్పమంటే మంట త్వరగా అంటుకోని ఫైర్ రిటార్డెంట్ రకమే చెప్పు. మామూలు ఏసీపీలో రెండు అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలీన్ ఉంటుంది, అది మండుతుంది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు అంత వేగంగా పాకడానికి బయటి గోడలకు వేసిన అలాంటి ప్యానెళ్లే ప్రధాన కారణమని విచారణలో తేలింది. 72 మంది చనిపోయారు. మన దగ్గర ఆ ప్యానెళ్ల వెనుకే వైర్లు లాగుతారు. నువ్వు పైపులో వేయకుండా వైరు లాగకు.

గాలి సంగతీ విను. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 47 కిలోల బరువుతో నెడుతుంది. 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున్న బోర్డు మీద అది 175 కిలోలు. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం చెప్పి రాదు. పిట్టగోడ ప్లాస్టరింగ్‌లో నాలుగు మేకులు కొట్టి దిగిరావద్దు. ఇటుక గోడలోకో, కాంక్రీటులోకో యాంకర్ బోల్టు పోవాలి. కింద బడి పిల్లలు నడుస్తుంటారు.

కరెంటు తీగలు దగ్గరగా ఉన్న చోట ఇనుప నిచ్చెన ఎక్కవద్దు, ఫైబర్ నిచ్చెన కొను. అది వాడినా తీగలకు దూరంగానే వేయి. ఫ్రేముకు వాడే ఇనుప స్క్వేర్ పైపు పైకి అందించేటప్పుడు లైన్ ఆపించు. సేఫ్టీ బెల్టులు రెండు తీసుకో, ఒకటి నీకు, ఒకటి నీతో పైకెక్కే పిల్లవాడికి. వాడు అవసరం లేదన్నా కట్టించు.

నీ మామ