వానాకాలంలో బలమైన కారు నడపబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పాత ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నావనీ, ఇంటి నుంచి శంషాబాదు వైపు ఔటర్ రింగు రోడ్డు మీద తరచు వెళ్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. మంచి కారు కొన్నావు. ఆ కారు మన దేశంలో అమ్మకానికి వచ్చిన 2016 నుంచీ దాని గురించి ఇష్టంగా చదువుతూ వచ్చినవాణ్ణి కాబట్టి, నీ సంతోషం నాకు అర్థమవుతుంది. అయితే మృగశిర కార్తె దగ్గర పడుతోంది. ఉద్యోగమంతా వాహనాల బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ల మధ్య గడిపిన మనిషిగా, తొలకరి పడేలోపు నీకు ఈ విషయాలు రాసి పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు. ఫోనులో చెబితే సగం మాత్రమే చెప్పగలను. కాగితం మీద పెడితే నువ్వు రెండుసార్లు చదువుకుంటావు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. తడి రోడ్డు మీద కారు అదుపు తప్పడమనేది చాలావరకు అది జారడానికి ముందే నిశ్చయమైపోతుంది. ఎంత వేగంతో ఆ మలుపులోకి వచ్చావు, టైర్లు ఏ స్థితిలో ఉన్నాయి, ఆ క్షణంలో నీ కుడికాలు ఏ పని చేస్తోంది అన్న మూడు విషయాలే దాన్ని నిర్ణయిస్తాయి. జారడం మొదలయ్యాక నైపుణ్యంతో కాపాడుకోవచ్చునని కుర్రవాళ్ళు నమ్ముతారు. రేసు ట్రాకు మీద, చుట్టూ ఖాళీ స్థలం ఉన్నచోట ఆ నమ్మకానికి కొంత అర్థం ఉంది కానీ, ఒక పక్క డివైడరు, మరో పక్క లారీ ఉన్న రోడ్డు మీద నీకు దొరికేది ఒక సెకను, మహా అయితే రెండు.

నీ కారు స్వభావం చెబుతాను. ఇంజను ముందుంది, శక్తి అంతా వెనుక చక్రాలకు వెళ్తుంది. 5 లీటర్ల వీ8 ఇంజను, సుమారు 400 హార్స్‌పవర్, 515 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం. పొడి రోడ్డు మీదనే ఆ వెనుక టైర్లకు ఇది పెద్ద బరువు. టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు ఒక నెల జీతం లాంటిది. బ్రేకు వేయడానికైనా, మలుపు తిరగడానికైనా, వేగం పెంచడానికైనా అందులోంచే ఖర్చు పెట్టాలి. మలుపులో ఉన్నప్పుడు పట్టులో ఎక్కువ భాగం తిరగడానికే ఖర్చవుతుంది. ఆ సమయంలో యాక్సిలరేటరు నొక్కితే ఆ అదనపు ఖర్చుకు చేతిలో ఏమీ మిగిలి ఉండదు, వెనుక భాగం పక్కకు జారిపోతుంది. వాన పడితే ఆ జీతమే సగానికి పడిపోతుంది, ఇంజను బలం మాత్రం అంతే ఉంటుంది.

నీ కారులో ఆటోమేటిక్ గేరుబాక్సు ఉండటం వల్ల ఇంకొక ప్రమాదం ఉంది, దీన్ని ప్రత్యేకంగా గుర్తు పెట్టుకో. ముందున్న బండిని దాటుదామని కాలు గట్టిగా నొక్కినప్పుడు గేరుబాక్సు తనంతట తానే ఒకటి రెండు గేర్లు కిందికి దిగుతుంది. గేరు తగ్గినకొద్దీ వెనుక చక్రాల దగ్గరి బలం ఆ మేరకు పెరుగుతుంది. నువ్వు అడిగింది కొంచెమే అయినా, అర సెకను ఆలస్యంగా, ఒక్కసారిగా, నువ్వు లేను మారుతూ స్టీరింగు కొద్దిగా తిప్పి ఉన్న సమయంలో ఆ బలమంతా వచ్చి పడుతుంది. తిన్నని రోడ్డు మీద పోతున్న బలమైన కార్లు ఉన్నట్టుండి అడ్డం తిరిగిపోయాయని వింటుంటామే, వాటిలో ఎన్నిటికో ఇదే కారణం. కాబట్టి వానలో ఓవర్‌టేకు చేయవలసి వస్తే ముందు నీ లేనులో తిన్నగా ఉండి, నెమ్మదిగా వేగం పెంచుకుని, ఆ తరువాతే లేను మారు. గేరు దిగేంతగా కాలు నొక్కవలసి వస్తోందంటే ఆ ఓవర్‌టేకు అప్పటికి మానుకోవలసిందే.

మలుపు మధ్యలో భయపడి కాలు చటుక్కున తీసేయడం కూడా అంతే చెడ్డది. కాలు తీయగానే కారు బరువు ముందుకు వంగుతుంది, వెనుక చక్రాల మీద భారం తగ్గుతుంది, భారం తగ్గిన చక్రానికి పట్టు తగ్గుతుంది. స్టీరింగు వెనుక ఉండే పాడిల్‌తో గేరు తగ్గించడమూ ఇలాంటిదే. మలుపుకు కావలసిన వేగం మలుపు రాకముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే తగ్గించుకోవాలి. లోపలికి వెళ్ళాక కాలిని స్థిరంగా ఉంచాలి. ఔటర్ నుంచి దిగే ర్యాంపులు గుండ్రంగా తిరుగుతాయి కదా, వాటి దగ్గర ఈ మాట మరీ ముఖ్యం. పెద్ద రోడ్డు మీద 100 దాటిన వేగానికి అలవాటు పడిన కంటికి 60 కూడా నడక లాగే తోస్తుంది. అక్కడ కంటిని నమ్మకు, స్పీడోమీటరు చూడు.

ఇక నీటి పొర సంగతి. వేగం పెరిగినకొద్దీ టైరు కింది నీళ్ళు పక్కలకు తప్పుకోవడానికి సమయం చాలదు. ఒక దశలో టైరు నీటి మీదికి ఎక్కి తేలిపోతుంది. ఆ తరువాత స్టీరింగుకూ రోడ్డుకూ సంబంధం తెగిపోతుంది. విమానాల టైర్ల మీద 1960ల్లో అమెరికాలోని నాసా లాంగ్లీ కేంద్రంలో జరిగిన పరీక్షల్లో, టైరు తేలే వేగం దానిలోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేలింది. ఆ లెక్కను 32 పీఎస్‌ఐ ఉన్న టైరుకు వేస్తే గంటకు సుమారు 94 కిలోమీటర్లు వస్తుంది. కారు టైర్ల గాడులు బాగుంటే ఈ వేగం పెరుగుతుంది, అరిగిపోతే తగ్గుతుంది, టైరు వెడల్పైనకొద్దీ ఇంకా తగ్గుతుంది. నీవి వెడల్పు టైర్లు. ఔటర్ మీద కుడివైపు రెండు లేన్లలో అనుమతించిన వేగం 120. ఆ బోర్డు పొడి రోడ్డును దృష్టిలో పెట్టుకుని పెట్టిందనుకో. నీళ్ళు నిలిచిన రోజున అంత వేగంతో నీ కారు రోడ్డు మీద నడవడం లేదు, నీటి మీద పోతోంది.

కొన్ని చోట్ల నీళ్ళు ఎక్కువగా నిలుస్తాయి. తిన్నని రోడ్డు మలుపులోకి మారే చోట రోడ్డు వాలు ఒక వైపు నుంచి మరో వైపుకు మారుతుంది. ఆ మార్పు మధ్యలో కొంత దూరం దాదాపు సమతలంగా ఉండి, అక్కడ నీరు పారకుండా పరుచుకుంటుంది. లారీలు నడిచి నడిచి గుంటపడిన చక్రాల జాడల్లో, డివైడరు పక్కన కూడా అంతే. ముందు బండి టైర్లు నీటిని చీల్చి వదిలిన జాడలు కనిపిస్తే, తగినంత దూరం ఉంచుకుని ఆ జాడల్లోనే వెళ్ళు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పైవంతెనల మీద, ఇనుప జాయింట్లు వచ్చే చోట స్టీరింగు గానీ బ్రేకు గానీ కదిలించకుండా దాటు. తెల్ల రంగు గీతల మీద కూడా పట్టు తక్కువే.

తొలకరి మొదటి అరగంటను నేను నడివానకంటే ఎక్కువగా అనుమానిస్తాను. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, టైర్ల రబ్బరు పొడి, దుమ్ము ఆ మొదటి చినుకులతో కలిసి జిడ్డులా మారుతుంది. గట్టిగా ఒక వాన కొట్టి కడిగేసిన తరువాత రోడ్డు కొంత నయం. చినుకులే కదా అని అందరూ వేగం తగ్గించని సమయం కూడా అదే. వీలుంటే ఆ అరగంట ఎక్కడైనా ఆగి టీ తాగు.

ఆగే దూరం లెక్క కూడా ఒకసారి చూడు. తడి రోడ్డు మీద పట్టు పొడి రోడ్డులో సగమే అనుకుని, నీ కన్ను చూసి కాలు కదలడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, 120 వేగంలో నీ కారు పూర్తిగా ఆగడానికి సుమారు 175 మీటర్లు కావాలి. 80 వేగంలో అయితే 85 మీటర్లు చాలు. వేగం మూడోవంతు తగ్గిస్తే దూరం సగానికి పైగా తగ్గింది. వానలో లారీలు లేపే తుంపర మధ్య నీకు 175 మీటర్ల ముందు ఏముందో కనిపిస్తుందా? దీపాలు లేకుండా రోడ్డు పక్కన ఆపేసిన లారీ నీకు ఎంత దూరం నుంచి కనిపిస్తుంది? నీ వేగాన్ని ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే నిర్ణయించుకో.

టైర్ల విషయంలో నాకు నీ కారు గురించి ఒక ప్రత్యేకమైన భయం ఉంది. ఇలాంటి కార్లను మొదటి యజమానులు ఎక్కువగా గరాజులో పెట్టి, ఎప్పుడో ఒక ఆదివారం బయటికి తీస్తారు. అందువల్ల టైరు గాడులు లోతుగా, కొత్తవాటిలా కనిపిస్తాయి, అమ్మేవాడు కూడా టైర్లు బాగున్నాయనే చెబుతాడు. కానీ వాడకపోయినా రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు. టైరు పక్క గోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారం అన్నమాట. అంత పాతవైతే గాడులు ఎంత లోతున్నా నాలుగూ మార్చెయ్. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే మార్చాలన్నది చట్టం పెట్టిన హద్దు. వానకు, నీ కారు బలానికి, ఆ హద్దు దాకా ఆగకూడదు, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకోవాలని నా అభిప్రాయం. వానలో పట్టు పెరుగుతుందని కొందరు గాలి తగ్గిస్తారు. అది తప్పు, గాలి తగ్గితే టైరు ఇంకా తక్కువ వేగంలోనే తేలుతుంది. తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంత గాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పెట్టించు.

నీ కారులో మంచుకూ తడికీ కలిపి ఒక మోడ్ ఇచ్చారు. వాన మొదలవగానే దానిలోకి మార్చు. యాక్సిలరేటరు స్పందన మెత్తబడుతుంది. ట్రాక్ మోడ్‌ను ట్రాకు మీదకే వదిలెయ్. కారు పక్కకు జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోలును వానలో ఆపనే ఆపకు. 1995లో మెర్సిడెస్ కార్లలో మొదలైన ఆ ఏర్పాటు ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయితే అది చేసే పనల్లా ఏదో ఒక చక్రానికి బ్రేకు వేయడం, ఇంజను బలం తగ్గించడమే. టైరు నీటి మీద తేలుతున్నప్పుడు ఏ చక్రానికి బ్రేకు వేసినా ఫలితం ఉండదు. కాలు పెట్టకుండానే ఒకే వేగాన్ని నిలిపే క్రూయిజ్ కంట్రోలు వానలో వాడవద్దు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా జారితే ఏం చేయాలో కూడా చెప్పాలి. స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోయి, ఇంజను శబ్దం పెరిగి, వేగం పెరగకపోతే నువ్వు నీటి మీద ఉన్నావని అర్థం. బ్రేకు ముట్టుకోకు, స్టీరింగు తిప్పకు, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు నుంచి కాలును నెమ్మదిగా వెనక్కి తీసుకో. అప్పుడు స్టీరింగు తిప్పి ఉంచితే, టైరుకు మళ్ళీ రోడ్డు దొరికిన క్షణాన కారు అటువైపు దూకేస్తుంది. మలుపులో వెనుక భాగం కుడికి జారితే స్టీరింగు కుడికే తిప్పు, ఎడమకు జారితే ఎడమకు. నీ చూపు మాత్రం నువ్వు వెళ్ళదలుచుకున్న దారి మీదే ఉండాలి. చూసిన వైపే చేతులు పోతాయి కాబట్టి డివైడరు వైపు చూడవద్దు. కారు సర్దుకోవడం మొదలవగానే స్టీరింగును వెంటనే తిన్నగా తీసుకురా. చాలామంది మొదటి జారుడును కాపాడుకుంటారు, స్టీరింగు ఆలస్యంగా వెనక్కి తెచ్చి, కారు రెండో వైపుకు విసిరినప్పుడు దెబ్బతింటారు. ఇక కారు పూర్తిగా తిరిగిపోయింది, చేయగలిగింది ఏమీ లేదు అనిపించినప్పుడు బ్రేకు పూర్తిగా నొక్కి పట్టుకో. పెడలు కాలి కింద అదిరినా వదలకు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తున్నప్పుడు అలాగే ఉంటుంది.

ఇవి చదివితే వచ్చే విద్యలు కావు, చేతులు నేర్చుకోవాలి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కారి మోటర్ స్పీడ్‌వేలో ట్రాకులు ఉన్నాయి. శిక్షకుడి పక్కన కూర్చుని, తడిపిన నేల మీద, నీ కారు ఎలా జారుతుందో ఒకసారి చూసి రా. అర్ధరాత్రి ఖాళీగా ఉంటుందని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్ల మీద మాత్రం ఆ ప్రయత్నం చేయవద్దు. 2019 నవంబరులో బయోడైవర్సిటీ కూడలి పైవంతెన మీద 40 వేగం హద్దు ఉన్న చోట 100 దాటిన వేగంతో వచ్చిన కారు గోడ దాటి కింద పడినప్పుడు, కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. అది నీ కారంత బలమైన కారు కాదు. నువ్వు వేగంగా వెళ్ళే ప్రతి చోటా, నీకు కనిపించని మనిషి ఎవరో ఒకరు ఉంటారని అనుకునే నడుపు.

ఈ ఆదివారం నాలుగు టైర్ల మీది అంకెలూ ఫోటో తీసి నాకు పంపు. మార్చవలసినవి అయితే ఖర్చుకు వెనకాడకు, సగం నేను పెట్టుకుంటాను. కొత్త టైర్లు వేసిన తరువాత మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు వాటి పైపొర నునుపు పోయేదాకా పట్టు పూర్తిగా రాదు కాబట్టి, ఆ దూరం వానలు రాకముందే, పొడి రోడ్డు మీద, మెల్లగా తిప్పెయ్.

ఇట్లు,
మీ పెదనాన్న