సందేహాలు – సమాధానాలు: సొర తిమింగలమా, తిమింగలపు సొరా?

సందేహం: ఇంగ్లీషులో వేల్ షార్క్ అనే పెద్ద చేప గురించి మా హైస్కూలు పిల్లల వ్యాసంలో 'సొర తిమింగలాల జనాభాపై పరిశోధన' అనీ, వాటికి చుట్టాలైన 'కిరణ చేపలు' అనీ రాశారు. ఇక్కడి మత్స్యకారులు ఆ రెండోదాన్ని టేకు అంటారు. వేటిని దిద్దాలి? – ఒక ఉపాధ్యాయిని, బారువ, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు 'కిరణ చేప'ను కొట్టేయండి. ఇంగ్లీషులో ఈ చేపనీ కిరణాన్నీ 'రే' అనే అంటారు గానీ వాటి పుట్టుకలు వేరు. చేప పేరు లాటిన్ 'రాయా' నుంచి, కిరణం 'రేడియస్' నుంచి వచ్చాయి. రేవులో రోజూ వినబడే 'టేకు చేప' ఉండగా ఇంకో మాట దేనికి? వీలైతే పిల్లలకు ఒక టేకును వెల్లకిలా తిప్పి చూపించండి. మొప్ప చీలికలు నోటి వెనక, అడుగు వైపున ఉంటాయి. సొరకైతే పక్కల ఉంటాయి. రెంటిలోనూ ఎముకలుండవు, ఉన్నది మృదులాస్థే. చుట్టరికం అక్కడుంది.

ఇక పెద్ద చేప సంగతి. 'పాలపిట్ట' అంటే పిట్టే, 'పిట్టగోడ' అంటే గోడే. చివరి మాటే ఆ వస్తువేమిటో చెబుతుంది. ఈ జీవి మొప్పలతో ఊపిరి పీల్చే సొర, కాబట్టి 'తిమింగలపు సొర' అనాలి. మరి సీతాకోకచిలుక చిలుక కాదు కదా, నీటిగుర్రం గుర్రం కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ ఆ పేర్లు విని ఎవరూ పొరబడరు. 'సొర తిమింగలం' అంటే మాత్రం పిల్లలు దీన్ని పాలిచ్చే జంతువుల్లో కలిపేస్తారు. 'తిమి' అనే మహామత్స్యాన్ని మింగేది తిమింగిలం అని పాతకాలపు అర్థం. ఆ లెక్కన అది చేపే. అయినా నేటి పాఠకుడికి ఆ అర్థం అందదు.

'జనాభా'ను పూర్తిగా కొట్టేయకండి. ఎన్ని ఉన్నాయన్నదే విషయమైతే 'సంఖ్య' చాలు. ఒంటి మీది తెల్ల చుక్కల అమరిక ఏ రెండు చేపలకూ ఒకేలా ఉండదు. ఆకాశంలో నక్షత్రాల అమరికను పోల్చే పద్ధతినే శాస్త్రవేత్తలు ఫొటోల్లోని ఈ చుక్కలకు వాడి ఏది ఏ చేపో గుర్తిస్తున్నారు. అక్కడ 'సంఖ్యను అంచనా వేస్తున్నారు' అంటే సరిపోతుంది. కానీ జన్యువులను బట్టి ఇండో-పసిఫిక్‌లో ఒకటి, అట్లాంటిక్‌లో ఒకటి అని ఈ చేపలను రెండు గుంపులుగా విడదీసిన చోట 'రెండు సంఖ్యలు' అనలేం. అక్కడ 'రెండు జనాభాలు' అనే రాయనివ్వండి. 'జన' ఉంది కదా, మనుషులకే చెల్లుతుందని కొందరు అభ్యంతరపెడతారు. జీవశాస్త్ర పాఠాల్లో ఆ మాట ఎప్పుడో స్థిరపడింది, నాకైతే అభ్యంతరం లేదు.