లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం ‘టక్’మంటుంది

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తొమ్మిదేళ్ల పెట్రోలు కారు. వారానికి ఒకటి రెండుసార్లు తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. లైట్లు, హారన్ బాగానే ఉంటాయి. ఐదారుసార్లు తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. కొత్త బ్యాటరీ వేయించినా అదే తంతు. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం ఒక్క తిప్పుకే లేస్తుంది. మెకానిక్ ఒడియాలో ‘గాడి భలొ అఛి’ (బండి బాగానే ఉంది) అని పంపేసేవాడు, ఇప్పుడేమో సెల్ఫ్ మోటారు మార్చమంటున్నాడు. మొన్న పాతపట్నంలో చుట్టాలింటి ముందు అరగంట నిలబడిపోయాం. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. బరంపురంలో ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న నేనూ ఒకసారి అలాగే తొందరపడ్డాను. గోపాల్‌పూర్ నుంచి ఒక మాస్టారి కారు వచ్చింది. అచ్చం మీ కథే. సెల్ఫ్ కొత్తది బిగించాను. నాలుగో రోజు ఆయన ఫోను: ‘‘ఏమయ్యా, మళ్లీ టక్కుమంది.’’ బండి కిందకి దూరి, బ్యాటరీ మైనస్ నుంచి వచ్చి గేరుబాక్సుకి బిగించి ఉన్న ఎర్త్ వైరు విప్పాను. పైకి శుభ్రంగానే ఉంది. వాచరు కింద చూస్తే పచ్చటి చిలుము, సగం తీగలు తెగి ఉన్నాయి. సముద్రపు గాలి మరి. వైరు మార్చి, సెల్ఫ్ డబ్బులు తిరిగిచ్చేశాను. ఆ పాత సెల్ఫ్ ఇంకా షెడ్డులోనే ఉంది, బాగానే తిరుగుతుంది.

ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి బ్యాటరీ మైనస్ ఆ ఎర్త్ వైరుతోనే అందాలి. లైట్లకి పదో ఇరవయ్యో ఆంపియర్లు చాలు, పైగా వాటి ఎర్త్ బాడీ నుంచి వస్తుంది. సెల్ఫ్‌కి వంద పైనే కావాలి. అందుకే లైట్లు వెలుగుతున్నా సెల్ఫ్ తిరగదు. షెడ్డుకి వెళ్లే దారిలో గుంతల కుదుపులకి వైరు మళ్లీ అంటుకుంటుంది, మెకానిక్‌కి ఏమీ కనిపించదు.

డిక్కీలో ఒక జంపర్ కేబుల్ పెట్టుకోండి. ‘టక్’మన్నప్పుడే న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజిన్ మీది ఇనప కొక్కేనికి తగిలించండి. బెల్టుకి దూరంగా ఉంచండి, ప్లస్ జోలికి పోకండి. అప్పుడు తాళం తిప్పగానే లేచిందా, ఎర్త్ వైరుదే తప్పు. ఒక్కసారి నమ్మకండి, రెండు మూడుసార్లు చూడండి. ఊరికే తిప్పినా లేచే బండి కదా. కేబుల్ తగిలించినా ‘టక్’మంటే, మీటరు పెట్టి సెల్ఫ్ ప్లస్ బోల్టు దగ్గర చూడమనండి. తాళం తిప్పిన క్షణంలో కూడా అక్కడ 12 వోల్టులు నిలబడితే, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం: లోపల కాంటాక్టులు గానీ బ్రష్‌లు గానీ అరిగిపోయి ఉంటాయి. చాలాసార్లు వాటినే మార్చి సెల్ఫ్ నిలబెట్టొచ్చు, కొత్తది కొనమంటే ముందు ఆ మాట అడగండి.

సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే అది వేరే రోగం. అలా జరిగితే మళ్లీ రాయండి. డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మెరుస్తోందో లేదో కూడా రాయండి.