రేకు అతుకు ఎందుకు ఉబ్బుతది? పాత కార్ల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్ నమస్తే. మా నాయిన కొన్న 1986 అంబాసిడర్ ఇంకా మా ఇంట్లనే ఉంది, రెండేండ్లకోసారి మేడారం జాతరకు అందరం అందులనే పోయెటోళ్లం. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగినప్పుడు బండి నీళ్లల్ల నిలబడ్డది, తర్వాత మ్యాట్ కింద ఎవ్వరం చూడలే. ఇప్పుడు డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్‌కు జంగు పట్టి బొక్క పడ్డది, వెనక డోర్ కింది భాగం గూడ తిన్నది. ఒక మేస్త్రి డోర్‌కు రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేస్తే చుట్టూ అలలు అలలుగ ఉబ్బింది. పుట్టీ పెడితే కనబడదు అంటున్నడు. పెట్టించాల్నా?
– పాఠకుడు, హన్మకొండ

జవాబు: పుట్టీ పెట్టనియ్యకండి, ముందు ఆ మాట. ఉబ్బు దాచనీకి మందంగ ఎక్కించిన పుట్టీ డోర్ వేసినప్పుడల్లా అదిరి అదిరి పగులుతది, ఆ పగులులకెళ్లి నీళ్లు దిగితే కొత్త రేకుకు గూడ జంగే.

ఉబ్బు ఎందుకొచ్చిందంటే, వెల్డింగ్ వేడికి రేకు సాగాలని చూస్తది, చుట్టూ ఉన్న చల్ల రేకు దాన్ని సాగనియ్యది, అందుకని అది ఉన్న జాగలనే నలిగి మందమైతది, చల్లారినంక ఆ గీత పొడుగునా రేకు మొదటికంటె పొట్టిగైతది. పొట్టిదైన గీత గుంజుతుంటే పక్క రేకంతా అలలు లేస్తది. ఆ మేస్త్రి ఈ కొస నుంచి ఆ కొస దాక ఒక్కటే గీత లాగి ఉంటడు.

చాలావరకు బాగయితది. డోర్ లోపలి అట్ట విప్పితే డాలీ (సుత్తె దెబ్బకు వెనక ఆనించే ఇనుప దిమ్మె) పట్టనీకి సందు దొరుకుతది. ముందు వెల్డ్ గీతను రేకు కంటె కొద్దిగ ఎత్తుండేదాక గ్రైండ్ చేసి, వెనక డాలీ ఆనించి, సుత్తెతో ఆ గీత మీదనే చిన్న దెబ్బలు వెయ్యాలె. ఉబ్బిన చోట కాదు! చాలామంది ఉబ్బు మీదనే కొడతరు, కొట్టినకొద్దీ అక్కడ రేకు ఇంకా సాగి ఇంకింత లేస్తది. నా ఫియట్ డోర్‌కు ఇట్లనే ఒక పూటంతా కూసున్న, పది దెబ్బలకోసారి మీద పల్చటి గుడ్డ పరిచి అరచేత్తో తడిమి చూసుకుంట, కంటికి అందని అల చేతికి తెలుస్తది. చివరికి పుట్టీ పని శానా తక్కువ పడ్డది.

ఇగ ఫ్లోర్. బొక్క ఎంతుంటే అతుకు అంతే అనుకోవద్దు. స్క్రూడ్రైవర్ కొసతో చుట్టూ పొడుచుకుంట పొండి, గట్టిగ ఖణేల్‌మనే దాక వచ్చి అక్కడ కొయ్యండి, జంగు తిని పల్చబడ్డ రేకుకు వెల్డింగ్ పెడితే ఇంకో బొక్క పడుడే. పెండ్లిపత్రిక అట్ట పెట్టి కొలత తీసి, అదే కొలతకు రేకు కత్తిరించి, మూలలు గుండ్రంగ చెయ్యండి. సూది మూలల దగ్గర వేడి, గుంజుడు రెండూ ఎక్కువ. ముక్క కూసుంటే అంచుకు అంచుకు మధ్య వెల్డింగ్ వైరు మందమంత సందుండాలె అంతే. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే పని అల్కగైతది గని రెండు రేకుల నడుమ తడి ఆగుతది, జంగు మళ్ల అక్కడ్నే మొదలు.

మిగ్ మిషన్ (వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్ మిషన్) అయితే 0.6 లేదా 0.8 మి.మీ. వైరు, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. ముందు నాలుగు దిక్కుల టాకాలు (ముక్క కదలకుండ పట్టే చిన్న వెల్డ్ చుక్కలు), తర్వాత దూరం దూరంగ ఒక్కొక్క చుక్క, ఈ పక్కన ఒకటి పెట్టి ఆ పక్కకు పోవాలె, చెయ్యి పెట్టేంత చల్లారేదాక ఆగి మళ్ల నడుమ సందులు నింపాలె. మేస్త్రికి తొందరుంటే ఆ పని ఇంకో దినం పెట్టుకోండి. అంబాసిడర్‌కు లారీ లెక్క విడిగ ఛాసిస్ లేదు, ఫ్లోరూ డోర్ల కింది పెట్టె రేకులే బరువు మోస్తయి, ఆ పెట్టె రేకు గూడ కొయ్యాల్సొస్తే బాడీకి కింద సమంగ స్టాండ్లు పెట్టి, డోర్ సందులు కొలిచి రాసుకున్నంకనే కొయ్యాలె, లేకుంటే తర్వాత డోర్లు పడయి. బ్యాటరీ వైరు విప్పుడు, పెట్రోల్ ట్యాంకు దించుడు, కార్పెట్ తీసి పక్కన బకెట్ నీళ్లు, మంటలార్పే సిలిండర్ పెట్టుకునుడు, ఇవి మర్చిపోవద్దు.

ప్రశ్న: జీఐ రేకు అయితే జంగు పట్టదు గదా, అతుక్కు అదే వాడితే?
– పాఠకురాలు, పరకాల

జవాబు: వద్దమ్మా. దాని మీదుండేది జింక్ పూత, వెల్డింగ్ వేడికి తెల్లటి పొగై లేస్తది, ఆ పొగ పీల్చినోళ్లకు రాత్రికి చలిజ్వరం వచ్చినట్టయితది, వెల్డ్‌ల గూడ బుడగలు పడతయి. సీఆర్ షీట్ (జింక్ పూత లేని ఉట్టి ఉక్కు రేకు) అడగండి. 20 గేజ్ దాదాపు 0.9 మి.మీ., 18 గేజ్ 1.2 మి.మీ. మీ బండిల బాగున్న రేకును వెర్నియర్‌తో కొలిచి దానికి దగ్గరిది తీసుకోండి.

ప్రశ్న: అతుకేసి రంగేసిన ఏడాదికే అదే జాగల రంగు బుడగలొచ్చినయి సార్, ఎందుకట్ల?
– పాఠకుడు, జమ్మికుంట

జవాబు: రంగు బయట వేసిండ్రు, లోపలి దిక్కు వదిలేసిండ్రు. వెల్డ్ వెనకాల కాలిన రేకు ఉట్టిగనే ఉంటది, తేమ తగిలితే ముందు తుప్పు పట్టేది అదే. ఈసారి లోపల వైరు బ్రష్‌తో గీకి ప్రైమర్ కొట్టి, అతుకు గీతకు సీలర్ పూసి, డోర్ లోపలికి, పెట్టె రేకుల్లకు పైపుతో మైనం స్ప్రే చేయించండి. డోర్ కింది అంచుకు నీళ్లు పొయ్యేటి చిన్న బొక్కలుంటయి, ఆ మైనంతోని అవి మూసుకపోకుండ సన్న తీగ పెట్టి తెరిచి చూసుకోండి.