కథలో త్యాగం ఎందుకు పండలేదు?

ప్రశ్న: నా కథలో అక్క తమ్ముడి కోసం చదువు మానేస్తుంది. చదివినవాళ్లకు జాలి కలిగిందే గానీ, త్యాగం అనిపించలేదట. లోపం ఎక్కడ?

జవాబు: బహుశా ఆమెకు వేరే దారి లేకుండా చేసి ఉంటారు. అప్పుడది నష్టమే అవుతుంది. భారతంలో కర్ణుణ్ణి చూడండి. ఇంద్రుడు మారువేషంలో వచ్చి కవచకుండలాలు అడుగుతాడని సూర్యుడు ముందే హెచ్చరించాడు. ఇస్తే ప్రాణాపాయమని తెలుసు, కాదనే వీలూ ఉంది. అయినా ఒంటిమీది కవచం కోసి ఇచ్చాడు. బదులుగా శక్తి ఆయుధం కోరాడు కనుక అది పూర్తి త్యాగమేనా అన్న వాదన ఉంది; పాత్రకు నిండుదనం తెచ్చింది ఆ మెలికే.

మీ కథలో సీటు వచ్చిన ఉత్తరం ఆమె చేతిలో పెట్టండి. ఫీజు గడువు మర్నాడే అనండి. తర్వాత తమ్ముడి దగ్గర ఆ మాట ఎత్తనివ్వకండి, ఎత్తితే అప్పు వసూలులా ఉంటుంది. ఇళ్లలో చెడేదీ అక్కడే. నిజజీవితంలోనైతే మానుకునే ముందే ఎదుటివాళ్లను అడగాలి; వాళ్లకది అక్కర్లేకపోవచ్చు.